యూకే ప్రయాణం: టీబీ టెస్టు, ఐహెచ్‌ఎస్, మందులు, పిల్లల టీకాలు – తెలిసినవాళ్లు చెప్పండి

ఖమ్మం_కుర్రాడు:
అందరికీ నమస్కారం. స్కిల్డ్ వర్కర్ వీసా మీద మూడేళ్లకు బర్మింగ్‌హామ్ వెళ్తున్నాం. ఇద్దరం, బాబుకు ఆరేళ్లు, పాపకు పదకొండో నెల. మా ఆవిడ థైరాయిడ్‌కి 62.5 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటుంది. అమ్మ కొన్నాళ్లాగి విజిట్ వీసా మీద వస్తుంది, ఆమెకు షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. వీసా ఫీజులు, ఇంటి అద్దె గురించి ఇక్కడ బోలెడు చర్చలున్నాయి కానీ ఆరోగ్యం సంగతి ఒక్కచోట దొరకలేదు. ఏం మోసుకెళ్లాలి, ఏం ఇక్కడే చేయించుకోవాలి, అక్కడ దిగాక ముందు ఏం చేయాలి?

బ్రమ్_బావ:
ముందు టీబీ సర్టిఫికెట్ సంగతి చూసుకో తమ్ముడూ. అది తేలేదాకా టికెట్లు కొనకు. ఆరు నెలలకు మించి ఉండే వీసాకి ఇండియా నుంచి అప్లై చేసేవాళ్లకు ఇది తప్పనిసరి. యూకే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్న క్లినిక్‌ల జాబితాలోనే చేయించాలి. ఎంత పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఎక్స్‌రే అయినా ఆ జాబితాలో లేకపోతే చెల్లదు. సర్టిఫికెట్‌కు ఆరు నెలలే గడువు. పదకొండేళ్లలోపు పిల్లలకు మామూలుగా ఎక్స్‌రే తీయరు, అయినా క్లినిక్‌కు తీసుకెళ్లాల్సిందే, డాక్టరు చూసి సర్టిఫికెట్ ఇస్తారు.

ఎక్కడ దెబ్బతింటారంటే, ఎక్స్‌రేలో పాత మచ్చ ఏదైనా కనబడితే కళ్లె పరీక్షకు పంపుతారు. ఆ కల్చర్ రిపోర్టు రావడానికి రెండు నెలల దాకా పడుతుంది. ఈలోపు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి, ఇల్లు ఖాళీ చేసేసి కూర్చున్నవాళ్లు ఇరుక్కుంటారు. చిన్నప్పుడెప్పుడైనా టీబీ వచ్చి తగ్గి ఉంటే పాత ఎక్స్‌రేలు, మందులు వాడిన కాగితాలు పట్టుకెళ్లండి.

ఇక ఐహెచ్‌ఎస్, అంటే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్యసేవ) వాడుకోవడానికి వీసాతోపాటు కట్టే సర్‌చార్జి. పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పద్దెనిమిది లోపు పిల్లలకు 776. మీ నలుగురికి ఏడాదికి 3,622, మూడేళ్లకు 10,866 పౌండ్లు. వాయిదాల్లేవు, అప్లికేషన్‌తోపాటే మొత్తం కట్టాలి. కార్డు లిమిట్ ముందే పెంచుకో. కంపెనీ వీసా ఫీజు ఇస్తానంటే ఐహెచ్‌ఎస్ కూడా అందులో ఉందా, ఉద్యోగికేనా కుటుంబానికి కూడానా అని మెయిల్‌లో రాయించుకో. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా వాళ్లకు మాత్రం ఇది లేదు.

మందుల_డబ్బా:
నేను యూకేలో ఫార్మసిస్టును. మందుల సంగతి నేను చెప్తాను.

బ్రాండ్ పేర్లు ఇక్కడ పనిచేయవు. థైరోనార్మ్ అంటే ఏ డాక్టరుకూ తెలియదు, లీవోథైరాక్సిన్ అనాలి. డోలో అంటే పారాసిటమాల్. బయల్దేరే ముందు మీ డాక్టరుతో లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించుకోండి. అందులో పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, జబ్బు పేరు, మందు జెనరిక్ పేరు, మోతాదు, రోజుకెన్నిసార్లు, ఎప్పటినుంచి అన్నవి ఉండాలి. ఆఖరి రక్తపరీక్ష రిపోర్టు దానికి జతచేయండి. మందులు స్ట్రిప్పులతోనే తేవాలి. విడగొట్టి డబ్బాల్లో పోస్తే అది ఏ మందో ఎవరూ చెప్పలేరు.

ఎంత తేవాలి? మూడు నెలలకు సరిపడా తెస్తే చాలు. నిద్రమాత్రలు, ట్రమడాల్, కోడీన్, ప్రీగాబలిన్, అల్ప్రాజోలం, క్లోనాజెపాం లాంటివి నియంత్రిత మందులు. మూడు నెలల లోపు మోతాదైతే ఉత్తరం చాలు, అంతకు మించితే లైసెన్సు కావాలి. దుబాయ్, అబుదాబి మీదుగా వచ్చేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త పడాలి. యూఏఈలో ఈ మందులకు ముందే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. దగ్గు సిరప్‌లో కోడీన్ ఉన్న సంగతి చాలామంది చూసుకోరు.

62.5 గురించి. ఇండియాలో 62.5, 88, 112, 137 అన్నీ ఒకే మాత్రలో దొరుకుతాయి. ఇక్కడ ఫార్మసీల్లో ఎప్పుడూ ఉండేవి 25, 50, 100 మైక్రోగ్రాములు. 12.5, 75 కూడా ఉన్నాయి గానీ అన్నిచోట్లా స్టాకు పెట్టరు. కాబట్టి జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) 50కి 12.5 కలిపి రాయొచ్చు, లేదా ఒకరోజు 50, మర్నాడు 75 వేసుకోమనొచ్చు. ఈ మందు ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి సగటు 62.5 అయితే సరిపోతుంది. మోతాదు మార్చేశారని గాభరా పడొద్దు.

ఇది చాలామందికి తెలియదు, అందుకే నొక్కి చెప్తున్నా. ఇంగ్లండ్‌లో ప్రిస్క్రిప్షన్ మీద ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కట్టాలి. స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లో ఉచితం. అయితే థైరాయిడ్‌కి లీవోథైరాక్సిన్ వాడేవాళ్లకు, షుగర్‌కు మందులు వాడేవాళ్లకు ఇంగ్లండ్‌లోనూ మినహాయింపు సర్టిఫికెట్ ఇస్తారు. జీపీ ప్రాక్టీస్‌లో ఎఫ్‌పీ92ఏ ఫారం కావాలని అడగండి. ఐదేళ్లు చెల్లుతుంది. ఆ జబ్బు మందులకే కాదు, యాంటీబయాటిక్ సహా రాసిన ప్రతి ప్రిస్క్రిప్షన్ మందుకూ డబ్బు కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ చేతికి రాకముందే మినహాయింపు ఉందని టిక్కు పెడితే మాత్రం 100 పౌండ్ల దాకా జరిమానా పడుతుంది.

మినహాయింపు లేనివాళ్లు ప్రీపేమెంట్ సర్టిఫికెట్ చూసుకోండి. మూడు నెలలకు 32.05, ఏడాదికి 114.50. మూడు నెలల్లో నాలుగు మందులు పడితే గిట్టుబాటవుతుంది.

సూట్‌కేస్_శాస్త్రి:
ఇవన్నీ సరే. నా సలహా వేరు. అజిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ క్లావులనేట్ రెండేసి కోర్సులు, పిల్లల సిరప్‌లు, ఓఆర్‌ఎస్, పారాసిటమాల్ పది షీట్లు పెట్టుకు వెళ్లండి. అక్కడ జ్వరమొస్తే నీళ్లు తాగి పడుకోమంటారు, అంతే.

మందుల_డబ్బా:
శాస్త్రిగారూ, ఓఆర్‌ఎస్ వరకు మీతో ఏకీభవిస్తా. పారాసిటమాల్ పది షీట్లెందుకండీ? ఇక్కడ సూపర్‌మార్కెట్లో పదహారు మాత్రల పెట్టె చిల్లర డబ్బులకు వస్తుంది. ఒక్కసారికి రెండు పెట్టెలే ఇస్తారు, అంతే తేడా.

పిల్లల సిరప్‌ల విషయంలో నిజంగా ప్రమాదముంది. ఇండియాలో పసిపిల్లల పారాసిటమాల్ డ్రాప్స్ చాలా బ్రాండ్లలో 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటుంది. యూకేలో పసిపిల్లల సిరప్ 5 మి.లీ.లో 120 మి.గ్రా., అంటే 1 మి.లీ.లో 24. ఇక్కడి సీసా మీద 2.5 మి.లీ. అని చదివి ఆ కొలత ఇండియా డ్రాప్స్‌తో పోస్తే నాలుగింతలు పడుతుంది. రెండు దేశాల సీసాలు ఒకే షెల్ఫులో ఉంచొద్దు. పెద్దల్లోనూ అంతే, ఐబూప్రోఫెన్, పారాసిటమాల్ కలిపిన మాత్ర ఇండియా నుంచి తెచ్చి వేసుకుంటూ, పైన ఇక్కడి పారాసిటమాల్ కూడా వేసేవాళ్లున్నారు. కొన్ని మందులు, ఉదాహరణకు నిమెసులైడ్, ఇక్కడ అసలు లైసెన్సే లేదు.

యాంటీబయాటిక్ దాచుకుని వాడితే రెండు ఇబ్బందులు. మీ రికార్డులో ఎక్కదు. సగం కోర్సు అయ్యాక డాక్టరు దగ్గరకు వెళ్తే పరీక్ష ఫలితం తారుమారవుతుంది. పైగా ఇప్పుడు అవసరం కూడా లేదు. 2024 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో ఫార్మసీ ఫస్ట్ ఉంది. ఏడు జబ్బులకు జీపీతో పనిలేకుండా ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇవ్వొచ్చు: సైనసైటిస్, గొంతునొప్పి, పిల్లల చెవిపోటు, పురుగు కుట్టి చీము పట్టడం, ఇంపెటిగో అనే చర్మం పుండ్లు, షింగిల్స్ అనే నొప్పి పొక్కులు, ఆడవాళ్లలో మామూలు మూత్రపు ఇన్ఫెక్షన్. ఒక్కోదానికి వయసు హద్దులున్నాయి. గొంతుకు ఐదేళ్లు దాటాలి, మూత్రపు ఇన్ఫెక్షన్‌కు 16 నుంచి 64. చూడ్డానికి రుసుము లేదు.

సూట్‌కేస్_శాస్త్రి:
డ్రాప్స్ లెక్క మంచిది చెప్పారు. మాత్రల మాట మీద మాత్రం నేను నిలబడతా. ఆదివారం రాత్రి పదకొండింటికి ఏ ఫార్మసీ తెరిచి ఉంటుంది?

బ్రమ్_బావ:
ఎన్‌హెచ్‌ఎస్ సలహా ఫోన్ నంబరు 111 ఉంటుంది. ఇరవైనాలుగు గంటలూ. వాళ్లు ప్రశ్నలు వేసి, రాత్రి పూట చూసే క్లినిక్‌లో టైమ్ ఇస్తారు లేదా ఏ అండ్ ఈకి (ఆసుపత్రి ఎమర్జెన్సీ) పంపుతారు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగితే ఉచితంగా కలుపుతారు, అమ్మకు ఇది ముఖ్యం. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఊపిరాడకపోవడం అయితే 111 కాదు, అంబులెన్స్‌కు 999. పాపకు మూడు నెలలు దాటాయి కానీ ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు చెప్తున్నా: మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీలు వస్తే మందు పోసి చూద్దామని ఆగొద్దు. ఇక్కడ థర్మామీటర్లన్నీ సెల్సియస్. 100.4 అంటే 38.

టీకాల_కార్డు:
పిల్లల టీకాల గురించి అక్కడ నర్సులు మొదట అడిగేది ఎమ్మెమ్మార్. మనవాళ్లు కంగారుపడేదీ అక్కడే.

మన ప్రభుత్వ షెడ్యూల్లో తొమ్మిదో నెలలో, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య ఇచ్చేది ఎంఆర్ టీకా. తట్టు, రుబెల్లా మాత్రమే. గవదబిళ్లలు అందులో లేవు. యూకేలో లెక్క ఎమ్మెమ్మార్, మూడూ ఉండాలి. పైగా ఏడాది నిండకముందు వేసిన డోసును వాళ్లు లెక్కలోకి తీసుకోరు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఆ వయసులో టీకాకు అడ్డుపడుతుందని. కాబట్టి మీ పాపకు తొమ్మిదో నెలలో పడింది కదా అని ఊరుకోవద్దు, అక్కడ మొదటినుంచీ వేస్తారు. 2026 జనవరి నుంచి ఆటలమ్మ కూడా కలిపిన ఎమ్మెమ్మార్‌వీ ఇస్తున్నారు, ఏడాదికొకటి, ఏడాదిన్నరకొకటి. బాబుకు ఏడాది దాటాక రెండు ఎమ్మెమ్మార్ డోసులు పడ్డాయా చూసుకోండి. ప్రైవేటులో వేయించినవాళ్లకు సాధారణంగా ఉంటాయి.

మెనింజైటిస్ బి టీకా కూడా అక్కడ పసిపిల్లలకు ఇస్తారు, మన ప్రభుత్వ షెడ్యూల్లో లేదు. రెండేళ్ల లోపు కాబట్టి పాపకు వేస్తారు. బీసీజీ మచ్చ గురించి ఆందోళన వద్దు, అక్కడ అందరికీ వేయరు, ఉంటే రాసుకుంటారు.

కార్డు విషయంలో ఒక పని. పిల్లల డాక్టరు కార్డు మీద స్టిక్కర్లు అంటించి, బ్రాండ్ పేర్లు గిలికేసి ఉంటారు. వాటిని ఒక కాగితం మీద జబ్బు పేరు, టీకా పేరు, తేదీ అని టైపు చేయించి డాక్టరు సంతకం, ముద్ర పెట్టించండి. తేదీ రోజు, నెల, సంవత్సరం వరుసలో ఉండాలి. చదవలేకపోతే అక్కడ పడనట్టే లెక్కకట్టి మళ్లీ పొడుస్తారు.

నైజాం_నర్సమ్మ:
జీపీ దగ్గర పేరు రాపిచ్చుకోవడం గురించి నేను చెప్త. జొరమొచ్చినాక పోదామంటే కుదరదు, ఇల్లు దొరకంగనే రాపిచ్చుకోవాలె. ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్ల మీ పోస్ట్‌కోడ్ కొడితే దగ్గరున్న ప్రాక్టీసులు జూపిస్తది. ఆన్‌లైన్ల ఫారం నింపచ్చు, లేకుంటే జీఎంఎస్1 కాయిదం. అడ్రస్ ప్రూఫ్ లేదని ఎనుకకు పంపొద్దని ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ రూలే ఉన్నది. రిసెప్షన్ల కరెంటు బిల్లు దెమ్మంటే ఆ ముచ్చట మర్యాదగ చెప్పున్రి. నలుగురికి నాలుగు ఫారాలు, చంటిదానికి గూడ. పది అంకెల ఎన్‌హెచ్‌ఎస్ నంబరొస్తది, గది పదిలం.

పొద్దుగాల ఎనిమిదింటికి ఫోన్ల కోసం అందరు ఎగబడుతరు. దానికంటే ప్రాక్టీస్ వెబ్‌సైట్ల ఆన్‌లైన్ ఫారం మేలు. రిసెప్షనిస్టు "ఏం తక్లీఫ్?" అని అడుగుతది. గామెకెందుకు చెప్పాలె అని కోపం జెయ్యకున్రి. ఎవరిని డాక్టరుకు, ఎవరిని నర్సుకు, ఎవరిని ఫార్మసీకి పంపాల్నో గామె చెప్పినదాన్ని బట్టే నడుస్తది. ఎన్నిరోజులాయె, జొరమెంత, తింటున్నరా, ఒంటికి పోతున్నరా, ఇంతకుముందున్న బీమార్లేంది, గివి చెప్పున్రి. "కొంచెం బాగలేదు" అంటే రెండు వారాల తర్వాత టైమ్ ఇస్తరు. డాక్టరు పది నిమిషాలే సూస్తడు. మోకాలు, దగ్గు, థైరాయిడ్ అన్నీ ఒక్కనాడు తీస్తే ఒక్కటీ తెగది.

స్పెషలిస్టు దగ్గరికి సీదా పోనీకి రాదు, జీపీ రాసియ్యాలె. కని ప్రెగ్నెన్సీ మిడ్‌వైఫ్‌కు, మనసు బాగలేకపోతే టాకింగ్ థెరపీకి, చానా ఊర్లల్ల ఫిజియోకు సొంతంగనే పేరిచ్చుకోవచ్చు.

రిపోర్టుల_రాజు:
రిపోర్టులు చదివేటప్పుడు కొలతలు మారిపోతాయి. గుండె గుభేలుమనకుండా ముందే తెలుసుకోండి.

షుగర్ అక్కడ మిల్లీమోల్‌లో ఉంటుంది. మన అంకెను 18తో భాగించాలి. 126 అంటే 7. హెచ్‌బీఏ1సీ శాతంలో ఉండదు, 6.5 శాతం అంటే 48, 7 శాతం అంటే 53. 53 చూసి ఇదేదో కొంప మునిగిందనుకోకండి. కొలెస్ట్రాల్‌ను 38.67తో భాగించండి, 200 అంటే 5.2. క్రియాటినిన్ అయితే 88.4తో గుణించాలి, 1.0 అంటే 88. హిమోగ్లోబిన్‌కు పక్కన సున్నా చేర్చితే చాలు, 12 అంటే 120.

గ్లూకోమీటర్ కూడా అక్కడివి మిల్లీమోల్‌లోనే చూపిస్తాయి. ఇండియా మీటరుకు అక్కడి స్ట్రిప్పులు కొన్నిసార్లు సరిపోవు. అమ్మ మీటరుకు స్ట్రిప్పులు ఉన్నన్నాళ్లకూ ఇక్కడినుంచే తెచ్చుకోవాలి.

ఖమ్మం_కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. అమ్మ 40 యూనిట్ల వయల్, ఎర్ర మూత సిరంజి వాడుతుంది. పెన్ను కాదు. విమానంలో ఎలా తేవాలి? అక్కడ అయిపోతే?

మందుల_డబ్బా:
ఇది అడగడం మంచిదైంది. ఇండియాలో వయల్ ఇన్సులిన్ ఎక్కువగా 1 మి.లీ.కు 40 యూనిట్లు, దాని సిరంజీ దానికే తయారైంది. యూకేలో ఇన్సులిన్ 1 మి.లీ.కు 100 యూనిట్లు. ఎర్ర సిరంజిలో 20 గీత దాకా ఇక్కడి ఇన్సులిన్ లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. రెండున్నర రెట్లు. మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. కాబట్టి ప్రయాణానికి ముందే, కనీసం నెల ముందు, డాక్టరుతో మాట్లాడి పెన్నుకు మారిపించండి. పెన్నులు రెండుచోట్లా ఎక్కువగా 100 యూనిట్లే. మారడం కుదరకపోతే ఉన్నన్నాళ్లకు సరిపడా వయల్స్, వాటికి తగ్గ సిరంజిలు రెండూ తెచ్చుకోవాలి.

ఇన్సులిన్ చెక్-ఇన్ సూట్‌కేస్‌లో పెట్టొద్దు. అక్కడ గడ్డకట్టే అవకాశముంది, ఒకసారి గడ్డకట్టింది మళ్లీ కరిగినా పనిచేయదు, చూడ్డానికి తేడా కూడా తెలియకపోవచ్చు. చేతిసంచిలో, జెల్ ప్యాక్‌కు నేరుగా తగలకుండా పలచని గుడ్డ చుట్టి పెట్టండి. 100 మి.లీ. నిబంధన మందులకు వర్తించదు, కానీ డాక్టరు ఉత్తరం కావాలి. సూదులకూ అదే ఉత్తరం. మందులు రెండు భాగాలు చేసి రెండు చేతిసంచుల్లో పెడితే ఒకటి పోయినా ఇబ్బంది ఉండదు.

హైదరాబాద్ నుంచి పడమరకు వెళ్తే ఆ రోజు చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు సాగుతుంది. రాత్రి డోసు ఏ గడియారం ప్రకారం వేయాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. భోజనం ట్రే చేతికొచ్చాకే భోజనం ముందు ఇన్సులిన్ వేయాలి. గాలి కుదుపులకు విమానంలో సర్వీసు ఆగిపోవడం మామూలే. జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి.

బ్రమ్_బావ:
అమ్మ విజిటర్ కాబట్టి ఐహెచ్‌ఎస్ ఉండదు, ఆ రక్షణా ఉండదు. జీపీ చూడటం, ఏ అండ్ ఈలో చూసేవరకు డబ్బు తీసుకోరు. వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి ఎన్‌హెచ్‌ఎస్ రేటుకు 150 శాతం బిల్లు. 500 పౌండ్లు, ఆపైన బాకీ రెండు నెలలు దాటితే హోమ్ ఆఫీసుకు సమాచారం పోవచ్చు, తర్వాతి వీసాకు అదే అడ్డు. అందుకే ప్రయాణ బీమా ఇండియాలోనే, ఎక్కకముందే తీయాలి. షుగర్, బీపీ, స్టెంట్ ఏది ఉన్నా దాచకుండా రాయాలి. "ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుంది" అన్న వాక్యం పాలసీలో ఎక్కడుందో, ఎంత మొత్తానికో వేలుపెట్టి చూపించమనండి. చౌక పాలసీల్లో అది ప్రాణాపాయ స్థితికే పరిమితమై ఉంటుంది.

వీల్‌చైర్ కావాలంటే టికెట్ తీసేటప్పుడే, లేదా కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కు చెప్పాలి. నెయ్యి సీసా, పాలకోవా, మటన్ పచ్చడి వద్దు. పాల పదార్థాలు, మాంసం ఇండియా నుంచి తేనివ్వరు, పట్టుకుంటే పారేస్తారు. ఆవకాయ, కందిపొడి నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు. అమ్మలు ఈ విషయంలో మన మాట వినరనుకో.

కొత్తపేట_కోడలు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఐదో నెల. నెల రోజుల్లో మాంచెస్టర్ వెళ్లాలి. ఫ్లయిట్ ఎక్కనిస్తారా?

నైజాం_నర్సమ్మ:
ఎక్కనిస్తరు చెల్లె. కడుపుల ఒక్క బిడ్డైతే చానా ఎయిర్‌లైన్లు 36 వారాల దాంక, కవలలైతే 32 దాంక. 28 వారాలు దాటితే డాక్టరు కాయిదం అడుగుతరు. మీ ఎయిర్‌లైన్ రూల్ సూసుకో. గంటకోపారి లేసి నడువు, ప్రెజర్ సాక్సులు ఏసుకో.

స్కాన్ రిపోర్టులు, రక్తం గ్రూపు, థైరాయిడ్, థలసేమియా పరీక్ష కాయిదాలు దెచ్చుకో. అనామలీ స్కాను (బిడ్డ అవయవాలు సక్కగున్నయా సూసేది) 18 నుంచి 21 వారాల నడుమ జరగాలె, ఏ ఊర్ల ఉంటే గా ఊర్లనే అయిపోనియ్యి, ప్రయాణం పేరుమీద తప్పిపోవద్దు. గదైనంక మామూలుగ ఇంక స్కాన్లు ఉండయి. నెలనెలా తీయరని ఫికర్ జెయ్యకు. చూసేది ఎక్కువ మిడ్‌వైఫే, అవసరముంటేనే డాక్టరు. మన దక్షిణాసియావాళ్లకు 24 నుంచి 28 వారాల నడుమ 75 గ్రాముల గ్లూకోజ్ తాగిపిచ్చి షుగర్ పరీక్ష జేస్తరు. మెటర్నిటీ సర్టిఫికెట్ అడుగు. కాన్పైనంక ఏడాది దాంక మందులకు, పండ్ల డాక్టరుకు పైసల్ లేవు.

సూట్‌కేస్_శాస్త్రి:
పళ్ల మాట వచ్చింది కాబట్టి, ఇందులో నాతో అందరూ ఒప్పుకుంటారు. పళ్లు ఇక్కడే చూపించుకుని వెళ్లండి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ రేట్లు మూడు మెట్లు, 2025 ఏప్రిల్‌లో అవి 27.40, 75.30, 326.70 పౌండ్లు ఉండేవి. రూట్ కెనాల్ రెండో మెట్టు, క్యాప్ మూడోది. రేటు ఎక్కువేం కాదు, కొత్త పేషెంటును చేర్చుకునే ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్టు దొరకడమే గగనం. ప్రైవేటుకు పోతే దానికి కొన్ని రెట్లు. రూట్ కెనాల్ మొదలుపెట్టి క్యాప్ వేయకుండా విమానం ఎక్కొద్దు. కళ్లజోడు రెండు జతలు చేయించుకోండి.

మందుల_డబ్బా:
ఒప్పుకున్నాం శాస్త్రిగారూ.

ఖమ్మం_కుర్రాడు:
చివరిది ఒక్కటి. మా ఆవిడ మూడు నెలల మాత్రలు తెచ్చుకుంటే, జీపీ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి? అయిపోయే ముందా?

మందుల_డబ్బా:
వద్దు, పేరు నమోదైన మొదటి నెలలోనే. జీపీ ఇండియా ఉత్తరం చూసినా తన రక్తపరీక్ష తాను చేయించుకుని రాస్తారు. ఆ టైమ్, రిపోర్టు, మళ్లీ డాక్టరు టైమ్ కలిపి వారాలు పడుతుంది. పరీక్షకు పొద్దున్నే వెళ్లి, ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాక వేసుకోమనండి. రాసిన తర్వాత ఎక్కువగా 28 రోజులకోసారి ఇస్తారు. ఎన్‌హెచ్‌ఎస్ యాప్‌లో ఇంటి దగ్గరి ఫార్మసీని ఎంచుకుంటే ప్రిస్క్రిప్షన్ నేరుగా అక్కడికే వెళ్తుంది. మాత్రలు అయిపోవడానికి వారం, పది రోజుల ముందు యాప్‌లో రిపీట్ నొక్కాలి. క్రిస్మస్ ముందైతే ఇంకాస్త ముందే.